జూబిలీ సంచికకు ముందు రిజిస్టరు తెరవండి

కాన్‌స్టంటైన్ చక్రవర్తి పశ్చిమ రాజ్యాన్ని పోపుకు రాసిచ్చాడనే పత్రం కల్పితమని 1440లో పునరుజ్జీవన పండితుడు లొరెంజో వల్లా తేల్చాడు. అందులోని లాటిన్ నాలుగో శతాబ్దపుది కాదు. భాషే దొంగను పట్టిచ్చింది. తర్వాత లూథరన్లు మాగ్డెబర్గ్ చరిత్ర (1559–74) రాస్తే, కార్డినల్ బరోనియస్ 1588 నుంచి సంపుటాలు వేసి జవాబిచ్చాడు. పక్షపాతం ఇద్దరిదీ. అయినా ఇద్దరూ పాత కాగితాలు వెలికితీశారు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాల జూబిలీ సంచికల్లో ఆ శ్రమ ఎక్కడ? పాత సంచికలోని ఏడాదినే మళ్లీ అచ్చువేస్తాం. ఉమ్మడి నల్లగొండలో సేవచేసిన అబ్రహాం ఫ్రీసెన్ గారు రష్యా మెన్నొనైట్. పనిచేసింది మాత్రం అమెరికన్ బాప్టిస్టు మిషను కింద. ఇది తెలియకుండా మందిర స్థలం తగువులో పాత దస్తావేజు ఎలా చదువుతాం? చెదలు పట్టకముందే బాప్తిస్మ రిజిస్టర్లు ఫొటో తీయించండి. దొరల పేర్లు ఎలాగూ పుస్తకాల్లో ఉన్నాయి. మన తాతముత్తాతల పేర్లు అక్కడే వెదకాలి.