పాలపళ్ళ పంచాంగం

అంబాజీపేట దగ్గర, కొబ్బరితోటలో ఉన్న ఓ ఇంటికి ఈమధ్య భోజనానికి వెళ్ళాను. దూరపు చుట్టరికం. విస్తళ్ళు వేస్తుండగా కోడలుపిల్ల బాబుని చంకనేసుకుని వచ్చింది. పదకొండు నెలలు నిండాయి. బోసినవ్వు. నేను మురిసిపోయాను గాని ఇంట్లో మరెవరూ మురవడం లేదు. అన్నప్రాసన నాటి వెండిచెంచాతో రోజూ పొద్దున్నే ఉగ్గు పెడుతూ, దాని అంచుని చిగుళ్ళ మీద తాటించి చూస్తున్నారట, ఠంగుమంటుందేమోనని.

“పక్కింటి పాపకి ఆరో నెలకే రెండొచ్చేశాయి బాబాయ్‌గారూ. వీడికింకా జాడే లేదు. కాల్షియం సీసా ఏదైనా పట్టమంటారా?” అంది ఆ అమ్మాయి. నేను డాక్టర్ని కాను. వారంవారం పేపర్లో ఏదో ఒకటి రాసేవాడికి అన్నీ తెలుసుంటాయని చుట్టాల నమ్మకం. పిల్లల డాక్టరైన నా స్నేహితుడికి ఫోను కలిపి స్పీకరు పెట్టాను. నెలలు నిండి పుట్టాడా? పట్టుకుని నిలబడుతున్నాడా? మాడు పూడుతోందా? విరోచనం సాఫీగా అవుతోందా? అన్నిటికీ సరైన జవాబులే వచ్చాయి. చివర్లో ఆయన, “వాళ్ళ నాన్నకి పళ్ళెప్పుడొచ్చాయో కనుక్కో” అన్నాడు.

ఎవరికీ తెలీదు. పెరటి వసారాలోంచి మామ్మ గొంతు వినబడింది. “తుఫాను వెళ్ళిన వారానికి కదండీ! కరెంటు లేదాయె, లాంతరు వెలుతుర్లో చూశాను, కింద చిగురు మీద తెల్లగా బియ్యపుగింజలాగ.”

కోనసీమలో తుఫాను అంటే ఏ తుఫానని ఎవరూ అడగరు. 1996 నవంబరు 6. ఆ తండ్రి పుట్టింది 1995 సెప్టెంబరు. లెక్క వేస్తే పద్నాలుగు నెలలు. “అయితే నాన్న పోలికే. కాల్షియం వద్దు, ఏమీ వద్దు” అని ఫోను పెట్టేశాడు స్నేహితుడు. రక్తపరీక్షలు చెప్పలేని సంగతి ఆవిడ తుఫాను గుర్తు చెప్పింది.

మొదటి పన్ను ఆరు నుంచి పది నెలల మధ్య, కింద ముందువైపు రావడం మామూలు. రెండున్నరేళ్ళు దాటేసరికి ఇరవై పాలపళ్ళూ ఉంటాయి. ఆరేళ్ళ ప్రాంతంలో వెనకాల మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. పాలపన్ను ఊడి వచ్చేది కాదు కాబట్టి చాలామంది దాన్ని గమనించరు, పాలపన్నే అనుకుని పుచ్చనిస్తారు. ఈ లెక్కలో నాలుగైదు నెలలు అటూఇటూ అయినా పిల్లవాడు తక్కిన అన్నిటా చురుగ్గా ఉంటే అది జబ్బు కాదు. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకి పళ్ళు రెండు నెలలు ఆలస్యంగా వస్తే అసలది ఆలస్యమే కాదు. పద్దెనిమిది నెలలొచ్చినా ఒక్క పన్నూ కనబడకపోతే మాత్రం ఎవరి పోలికా అని చూడకుండా డాక్టరుకి చూపించాల్సిందే.

ఎందుకంటే పన్ను పైకి రావడం నోటి పని ఒక్కటే కాదు. విత్తనంలాగ కింద నుంచి తోసుకొస్తుందని మనం అనుకుంటాం. ముందు పైనున్న ఎముక కరగాలి. పంటిని చుట్టుకున్న సంచీలాంటి పొర, ఎముకని తినే కణాలని పిలిపించి దారి తవ్విస్తుంది. కింద కొత్త ఎముక పేరుకోవాలి, వేరు సాగాలి. ఈ పనికి థైరాయిడ్ హార్మోను కావాలి, ఎదుగుదల హార్మోను కావాలి, విటమిన్ డి కావాలి, కడుపుకింత తిండి కావాలి. ధవళేశ్వరం దగ్గర లాకు ఎత్తకపోతే చివరి భూముల రైతు తన బోదె ఎంత బాగుచేసుకుని ఏం లాభం? ఎముకని తినే కణాలే పనిచేయని అరుదైన జబ్బొకటుంది. అందులో పళ్ళు తయారైనా దవడలోనే ఇరుక్కుపోతాయి.

డౌన్ సిండ్రోమ్ పిల్లలకి మొదటి పన్ను ఏడాది దాటాక రావడం, పాలపళ్ళన్నీ రావడానికి నాలుగైదేళ్ళు పట్టడం, వచ్చే వరస మారడం తరచూ చూస్తాం. విటమిన్ డి లోటుతో వచ్చే రికెట్స్ ఉన్న పిల్లలకి మణికట్లు లావెక్కుతాయి, దొడ్డికాళ్ళు వస్తాయి, మాడు ఆలస్యంగా పూడుతుంది, పళ్ళూ ఆలస్యమవుతాయి. ఇంత ఎండ కాసే గోదావరి జిల్లాల్లో ఎండ వల్ల వచ్చే విటమిన్‌కి కరువేమిటంటారా? తల్లిపాలలో అది ఎలాగూ తక్కువ. తల్లికే లోటుంటే ఇంకా తక్కువ. పైగా చంటిపిల్లల్ని మనం ఎండ మొహం చూడనివ్వం. అందుకే ఏడాది నిండేదాకా రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమంటారు పిల్లల డాక్టర్లు. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు గిరిజన పిల్లల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉంది. ఆ జబ్బు ఒళ్ళంతటి ఎదుగుదలనీ వెనక్కి లాగుతుంది, పళ్ళని మాత్రం వదిలేస్తుందా?

థైరాయిడ్ దగ్గర కొంచెం ఆగాలి. పుట్టుకతోనే ఆ లోపం ఉన్న బిడ్డ మన దేశంలో సుమారు వెయ్యి కాన్పులకొకరు. మేనరికాల్లో వచ్చే రకం కూడా అందులో ఒకటుంది. ఆ బిడ్డ ఎక్కువగా నిద్రపోతాడు, పెద్దగా ఏడవడు. “ఎంత బుద్ధిమంతుడో, ఇంట్లో పసివాడున్నట్టే తెలీదు” అని చూడొచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. పుట్టినప్పటి పచ్చకామెర్లు తగ్గవు, నాలుక లావుగా ఉంటుంది, విరోచనం అవదు, బొడ్డు ఉబుకుతుంది. పళ్ళు బాగా ఆలస్యమవుతాయి. పళ్ళ రాకని బట్టి ఒంటి సంగతి తెలుస్తుందన్న నా వాదనకి ఇక్కడ నేనే అడ్డం పడాలి. ఈ జబ్బులో పళ్ళ కోసం చూస్తూ కూచుంటే పుట్టి మునుగుతుంది. మందు మొదటి రెండు వారాల్లో మొదలైతేనే బుర్ర దక్కుతుంది; పన్ను ఆలస్యమని తెలిసేది ఏడాదికి. పుట్టిన రెండోనాడో మూడోనాడో మడమ మీద సూదితో గుచ్చి తీసే నాలుగు రక్తపుచుక్కలే అక్కడ దారి. పన్ను సాక్ష్యం పనికొచ్చేది తర్వాత వచ్చే థైరాయిడ్ లోపానికి. ఏడెనిమిదేళ్ళ పిల్ల, రెండేళ్ళుగా అదే గౌను సరిపోతోంది, ముందుపన్ను ఇంకా కదల్లేదు. గౌను ఇంకా సరిపోతోందని తల్లి సంతోషిస్తుంది. ఆ పిల్లకి రోజుకో చిన్న మాత్ర వేస్తే ఎత్తూ అందుకుంటుంది, పళ్ళూ కదులుతాయి.

మనవాళ్ళు పళ్ళ వరసని చూడరని కాదు, వేరే లెక్కకి చూస్తారు. పైపళ్ళు ముందొస్తే మేనమామకి గండం. నూనెలో మొహం చూడడం, శాంతులు, కొత్తబట్టలు. నిజానికి పైవి ముందొస్తే ఎవరికీ ఏమీ కాదు. కానీ మేనమామకీ మేనల్లుడి పళ్ళకీ నిజంగానే చుట్టరికం కలిపే జబ్బొకటుంది. సింధులో ఒక హిందూ కుటుంబం గురించి చార్లెస్ డార్విన్ రాశాడు. నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్ళకి రెండు దవడల్లో కలిపి నాలుగు చిన్న ముందుపళ్ళు, ఎనిమిది దవడపళ్ళే. ఒంటి మీద వెంట్రుకలు బాగా తక్కువ, చిన్న వయసుకే బట్టతల, ఎండాకాలంలో చర్మం ఎండిపోయి అవస్థ. ఆడపిల్లల్లో ఒక్కరికీ లేదు. కానీ వాళ్ళ కొడుకులకి వచ్చేది. అంటే మేనమామ నుంచి అక్కాచెల్లెళ్ళ మీదుగా మేనల్లుడికి! చెమట పట్టని జబ్బది. రాజమండ్రి మే నెలలో, పల్చటి జుట్టు, పన్ను లేని నోరు ఉన్న మగపిల్లాడికి కారణం తెలియని జ్వరాలు పదేపదే వస్తుంటే, మందులు మార్చేముందు మేనమామ పళ్ళు లెక్కపెట్టడం మంచిది. శాంతి చేయించక్కర్లేదు, తడిగుడ్డా నీడా చాలు.

ఇంకో నమ్మకం ఇంతకంటే ప్రమాదం. పళ్ళొచ్చే జ్వరం, పళ్ళొచ్చే విరోచనాలు. చిగుళ్ళు దురద పెడతాయి, చొంగ కారుతుంది, పిల్ల చిరాకు పడుతుంది, అంతవరకే. నూటొకటి జ్వరం, రోజుకు పదిసార్లు నీళ్ళ విరోచనాలు పళ్ళ వల్ల రావు. సరిగ్గా ఆ నెలల్లోనే పిల్లలు పాకుతారు, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, పైతిండి మొదలవుతుంది, తల్లి కడుపులోంచి తెచ్చుకున్న రక్షణ తగ్గుతుంది. పంటి మీదకి నెపం నెట్టేసి ఓఆర్‌ఎస్ పట్టకుండా గడిపిన ఒక్క రోజు చాలు, పసివాడి కళ్ళు పీక్కుపోవడానికి.

భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు ఈ కథలోకి ఒక పక్కదారిన వస్తారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టనివ్వని జబ్బు. తర్వాత అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దానికి విరుగుడుగా చేసిన మందుతోనే సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు 1947-48లో రక్తకాన్సరు పిల్లలకి మొదటిసారి ఊపిరి నిలిపాడు. అలాంటి మందులు పసితనంలో వాడాల్సివస్తే పళ్ళ వేర్లు పొట్టివవుతాయి, కొన్ని పళ్ళు ఆలస్యమవుతాయి, కొన్ని అసలు రావు. ప్రాణం ముందు ఆ నష్టం ఎంత! అదే లెడర్లీ నుంచి 1948లో బయటికొచ్చిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. ఎనిమిదేళ్ళలోపు వాడితే పళ్ళ మీద పసుపు, బూడిదరంగు చారలు నిలిచిపోతాయని తర్వాత తెలిసింది. మా తరంలో నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు కొందరున్నారు. చిన్నప్పుడు ఏ జ్వరానికి ఏ కాప్సూలు మింగారో వాళ్ళ అమ్మలకే తెలియాలి.

పళ్ళని ప్రభుత్వాలు లెక్కపెట్టిన సందర్భం కూడా ఒకటుంది. ఇంగ్లండులో తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టకూడదని 1833లో చట్టం చేశారు, వయసుకి రుజువేదీ? 1837లో ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు వెయ్యిమంది పిల్లల నోళ్ళు తెరిపించి చూసి, ఎత్తు కంటే పళ్ళే నమ్మదగ్గ సాక్ష్యమని పార్లమెంటుకి చెప్పాడు. తిండి తక్కువైతే ఎత్తు ముందు తగ్గుతుంది, పళ్ళు అంత తొందరగా తగ్గవు. కాబట్టి పళ్ళు కూడా బాగా వెనకబడ్డాయంటే సంగతి గట్టిదే అనుకోవాలి.

మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళు అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చి పిల్లల్ని చూస్తారు. వాళ్ళు వెతికే 30 రకాల ఇబ్బందుల జాబితాలో డౌన్ సిండ్రోమ్ ఉంది, రికెట్స్ ఉంది, గాయిటర్, తీవ్ర రక్తహీనత, తీవ్ర పోషకాహార లోపం ఉన్నాయి, సికిల్ సెల్ ఉంది. ఇవన్నీ పళ్ళ రాకని తాకేవే. మరి బరువు తూచేటప్పుడు, ఎత్తు కొలిచేటప్పుడు, నోట్లో పళ్ళెన్నో కూడా ఒక గడిలో రాస్తే ఏం పోయింది? రెండేళ్ళలోపు పిల్లలకి ఓ పాత లెక్కుంది: వయసు ఎన్ని నెలలో అందులోంచి ఆరు తీసేస్తే సుమారు అన్ని పళ్ళు. యంత్రం అక్కర్లేదు, సూది అక్కర్లేదు, కడుక్కున్న చూపుడువేలు చాలు. గడిలో సున్నా ఉన్నంతమాత్రాన పరీక్షలకి పరిగెత్తమని కాదు. ఎత్తు గడి, బరువు గడి, నడక గడి పక్కన పెట్టి చదవమని.

అంబాజీపేట బాబుకి పదమూడో నెలలో వచ్చింది, వాళ్ళ నాన్న కంటే ఒక నెల ముందే. అదీ పైపన్ను! మేనమామ కొత్తబట్టలు తీసుకుని మోటారుసైకిలు మీద వచ్చి, నూనెగిన్నెలో మొహం చూసి, పూతరేకులు తిని వెళ్ళాడు. “రాసిపెట్టుకున్నావా అమ్మా తేదీ?” అని అడిగాను ఫోన్లో. గోడ మీద క్యాలెండర్లో ఆ తారీఖు చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టానంది కోడలుపిల్ల. వాళ్ళింట్లో పాత క్యాలెండర్లు జనవరిలో పెద్దపిల్ల పుస్తకాలకి అట్టలవుతాయి.