పైసల లెక్క

లారీ కిరాయిలు లెక్కగట్టే సాఫ్టువేరులో ఇంధన సర్‌ఛార్జి నియమం అమర్చడమంటే, పైకి చూడడానికి నాలుగు గళ్ళు నింపడమే: ఒప్పందం నాటి డీజిలు ధర, కిరాయిలో డీజిలు వాటా, ఎంత మార్పును లెక్కలోకి తీసుకోవాలి, ఏ రోజు ధర చూడాలి. వాటా 40 శాతమైతే, డీజిలు 10 శాతం పెరిగినప్పుడు కిరాయి 4 శాతం పెరగాలి. ఇంతవరకూ తగవు లేదు.

తగవంతా మూడవ గడిలోనే ఉంది. 2 శాతం లోపు మార్పును వదిలేయమని రాస్తాము. దేనితో పోల్చి 2 శాతం? నిన్నటి ధరతోనా, ఒప్పందం నాటి ధరతోనా? మన దేశమంతటా ఇంధన ధరలను రోజూ సవరించే పద్ధతి 2017 జూన్ 16న మొదలైంది. పైసల్లో పెరిగే ధరను నిన్నటితో పోలిస్తే ఆ నియమం ఏనాటికీ మేలుకోదు. పైసలన్నీ కూడి పది రూపాయలైనా కిరాయి కదలదు. ఆ భారమంతా లారీ యజమాని నెత్తినే పడుతుంది.

కనుక పోలిక ఒప్పందం నాటి ధరతోనే ఉండాలి; ధర తగ్గినప్పుడు కిరాయి కూడా అదే లెక్కన తగ్గాలి. యంత్రానికి న్యాయాన్యాయాలు తెలియవు. ఆ గడి నింపే ముందు, కిరాయి పుచ్చుకునేవాడి వైపు నుండి కూడా ఒకసారి లెక్కవేసి చూడడం మన ధర్మమని నా అభిప్రాయం.