క్షేత్ర పరిశోధనలో రైతు మాటను భద్రపరచాలి

వ్యవసాయ విస్తరణ పరిశోధనలో సమాచార సేకరణకు ప్రశ్నావళియే ప్రధాన సాధనం. "అదును, పదును చూసి విత్తాను" అని రైతు చెప్పిన మాట అందులో "తగినంత తేమ" అన్న గడిలో ఒక గుర్తుగా మాత్రమే మిగులుతుంది. మట్టిని పిడికిట నొక్కి పదును నిర్ణయించే నేర్పు ఆ గడిలో ఇమడదు.

జేబులో పట్టే చవకైన డిజిటల్ రికార్డరు ఈ లోటును చాలావరకు తీర్చగలదు. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ల మోనో నమోదుకు గంటకు సుమారు 320 మెగాబైట్లు సరిపోతాయి. 32 గిగాబైట్ల కార్డులో దాదాపు 100 గంటల సంభాషణ నిలుస్తుంది. పొలంలో గాలి హోరును తగ్గించడానికి మైకుకు స్పాంజి తొడుగు అవసరం.

విన్నదంతా వ్రాతలో పెట్టడం శ్రమతో కూడినదన్న అభ్యంతరం సహేతుకమే. అయితే ధ్వని భద్రంగా ఉంటే ఆ పని తరువాతి పరిశోధకులైనా చేయగలరు. నమోదు కాని మాటను ఎవరూ తిరిగి తేలేరు.

రైతు సమ్మతి లేనిదే నమోదు చేయరాదు. సమ్మతితో సేకరించిన ధ్వనిని గ్రామం, పంట, తేదీ వివరాలతో సిద్ధాంత గ్రంథంతోపాటు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి సమర్పించడం తప్పనిసరి చేయాలి.