పడవ పందెం చింతూరు నుంచి మొదలవ్వాలి

సంక్రాంతికి కోనసీమ ఆత్రేయపురంలో జరిగిన డ్రాగన్ పడవ పోటీల వీడియోలు మీ ఫోన్లలోకి కూడా వచ్చే ఉంటాయి. కాటన్ దొర పేరు, రంగు పడవలు, గట్టు మీద జనం. బాగుంది, కోడిపందేల కన్నా వెయ్యి రెట్లు నయం. కాకపోతే ఆ కాలువలోకి వచ్చే నీళ్ళు పాపికొండల మధ్య నుంచి, కొండరెడ్ల, కోయల రేవులు దాటుకుంటూ వస్తాయి. ఆ రేవుల్లో చిన్నప్పటి నుంచి తెడ్డు పట్టినవాళ్ళకి ఈ ఆటలో చోటెక్కడ? ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నది దీని గురించే.

కాలువ పందెం నిమిషాల్లో తేలిపోతుంది. కేరళ నెహ్రూ ట్రోఫీ కూడా కిలోమీటరున్నర లోపే. ఇంకో రకం పందెం ఉంది, రోజుల తరబడి సాగేది. మధ్య అమెరికాలో బెలీజ్ అనే చిన్న దేశంలో 1998 నుంచి ఏటా మార్చిలో ‘లా రూటా మాయా’ పెడుతున్నారు. పడవకి ముగ్గురు. కొండప్రాంతపు శాన్ ఇగ్నాసియోలో బయల్దేరి సముద్రం ఒడ్డున బెలీజ్ సిటీ చేరడానికి నాలుగు రోజులు, దాదాపు 280 కిలోమీటర్లు. చీకటిపడితే ఒడ్డునే గుడారాలు. రోడ్లు లేని కాలంలో కలపా సరుకులూ మోసిన నది అది. కెనడాలో సెయింట్ మోరిస్ నది మీద ఇలాంటి పందెం 1934లోనే మొదలైంది. ఇలాంటి పందేన్ని ఒక స్టేజీ ముందు పెట్టి చప్పట్లు కొట్టించుకోలేరు. అది ఊరూరూ దాటి పోవాలి. వెనకాల అధికారులు, కెమెరాలు కూడా ప్రతి రేవూ దాటాలి. నాకు ఈ పందెం మీద ఆశ పుట్టింది అందుకే.

అసలు ‘కనూ’ అనే మాటే కరీబియన్ దీవుల ఆదివాసీలది, కొలంబస్ మనుషులు అక్కడ విని తీసుకెళ్ళారు. కయాక్ ఇన్యూట్ వాళ్ళ వేట పడవ. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఇది పతకాల ఆట అయింది, అప్పుడు పది కిలోమీటర్ల పందెం కూడా ఉండేది. 1984లో కెనడా తరఫున బంగారం గెలిచిన జోడీలో ఒకడు అల్విన్ మోరిస్, మోహాక్ ఆదివాసీ. పతకం తీసుకునేటప్పుడు గద్ద ఈకను పైకెత్తి పట్టుకున్నాడు. ఆ ఫోటో ఒకసారి వెతికి చూడండి. మన దేశానికి 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జోడీలో సునీల్ సింగ్ సలాం మణిపూర్ లోక్‌తక్ సరస్సు దగ్గరి మత్స్యకార కుటుంబం కుర్రాడు. నీళ్ళ దగ్గర పుట్టినవాడికి ఒక కోచ్, ఒక మంచి పడవ దొరికితే ఏమవుతుందో చూశారుగా.

మనవాళ్ళ పని కూడా దేశం ఒకసారి చూసింది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో టూరిస్టు బోటు మునిగితే, తూటుగుంట ఊరివాళ్ళు నాటుపడవలేసుకుని వెళ్ళి 26 మందిని ఒడ్డుకి చేర్చారు. వాళ్ళకి కోచింగ్ ఎవరిచ్చారు? రెండ్రోజులు టీవీలో చూపించారు, తర్వాత మర్చిపోయారు.

మనలోనే కొందరు అన్నలు అంటారు, “వంతెన లేదు, అంబులెన్స్ రాదు, మధ్యలో ఈ పందెమేంటి తమ్ముడూ?” ఈ మాటని తేలిగ్గా తీసెయ్యలేం. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, హైదరాబాద్ ఇటుక బట్టీల నుంచి ఒడిశాలోని సొంతూళ్ళకి పోతున్న కూలీలు రాత్రిపూట సీలేరు దాటుతుంటే రెండు నాటుపడవలు మునిగాయి. పదకొండు మందిలో ముగ్గురే బయటపడ్డారు. పిల్లలు కూడా పోయారు. పడవ మనకి ఆట కన్నా ముందు బస్సు, ఆస్పత్రి బండి. కాబట్టి లైఫ్ జాకెట్లు, తాళ్ళు, రెస్క్యూ బోటు పందెం పేరుతో వస్తే పందెం అయ్యాక రేవులోనే ఉండిపోవాలి. తిరిగి పట్టుకుపోయేవాళ్ళకి మన నది ఇవ్వం.

దారి కూడా చెప్తాను. వరద తగ్గాక, చింతూరులో శబరి మీద బయల్దేరి, కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, వి.ఆర్.పురం ఊళ్ళ మీదుగా పోచవరం దాకా. ఇంకా కిందికి రాజమండ్రి వరకూ పోదామంటే పోలవరం అడ్డం, నదిని స్పిల్‌వే వైపు తిప్పేశారు. పోనీ, ఈ దారైనా ఎన్నాళ్ళుంటుంది? 45.72 మీటర్ల మట్టానికి నీళ్ళు నిలబెడితే నేను చెప్పిన రేవులు పైకి కనిపించవు. 2022 జూలై వరదలో ఆ మండలాలు ఎలా మునిగాయో మీకు చెప్పక్కర్లేదు. పందెం ఏటా జరగాలంటే ముందు ఊళ్ళు ఉండాలి. పునరావాసం లెక్క తేలకుండా ముంచొద్దని అడగడానికి ఇంతకన్నా గట్టి సందర్భం ఏముంటుంది?

విశాఖలో చదువుతున్న, పని చేస్తున్న మనకి ఇందులో ఇంకో బాధ్యత ఉంది. ఈ నగరం తాగే నీళ్ళలో రైవాడ, తాటిపూడి రిజర్వాయర్లవి ఉన్నాయి, అంటే మన కొండల్లో పుట్టిన శారద, గోస్తనీ. ఉక్కు ఫ్యాక్టరీకి ఏలేరు కాలువ నీళ్ళు. రేపు పోలవరం ఎడమ కాలువ నుంచి ఈ నగరానికీ పరిశ్రమలకీ 23.44 టీఎంసీలు రాసిపెట్టారు. ఇక్కడ పోర్టుంది, నేవీ ఉంది, నీళ్ళ మీద పని తెలిసిన కోచ్‌లు దొరుకుతారు. బీచ్‌లో వాటర్ స్పోర్ట్స్ అంటే మంత్రులు పరిగెత్తుకొస్తారు. మన నీళ్ళు తీసుకుంటున్న నగరాన్ని మన పిల్లలకి ఒక శిక్షణ కేంద్రం, ఐటీడీఏ హాస్టల్ నుంచి నేరుగా అందులో సీటు అడగడం భిక్ష కాదు. ఆడపిల్లల జట్లు మొదటి ఏడాది నుంచే ఉండాలి, రెండో ఏడాది చూద్దామంటే ఒప్పుకోకండి.

1996 పీసా చట్టం మన చేతిలో ఉంది. గ్రామసభ తీర్మానం లేకుండా టూరిజం శాఖో, కాంట్రాక్టరో టెంట్లు వేస్తే అది ఇంకో రిసార్టు అవుతుంది. అందుకని వాళ్ళకన్నా ముందు మనమే కాగితం మీద పెడదాం. శబరి, గోదావరి, సీలేరు ఒడ్డున ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ రేవు పేరు, ఎన్ని పడవలున్నాయి, రోజూ ఎంతమంది పిల్లలు దాటి బడికి పోతున్నారు, సుడి ఎక్కడుంది, ఏ నెలల్లో దాటలేరు, ఇవి రాసి, పెద్దవాళ్ళకి చదివి వినిపించి, ఫోటోతో మాకు పంపండి. చింతూరు వాళ్ళు ముందు పంపితే అక్కడి నుంచే లెక్క మొదలుపెడతాం.

జై ఆదివాసీ!