సిస్టం పోతే రోగి చరిత్ర కూడా పోవాలా?



ఈసారి మందుల గురించి గాని, ఆహార నియమాల గురించి గాని రాయడం లేదు. ఓపీ చీటీ రాసే గదిలోని కంప్యూటరు గురించి రాస్తున్నాము. ఆరోగ్య పత్రికలో కంప్యూటరుకేమి పని అని కొందరు అడగవచ్చు. “సిస్టం పనిచేయడం లేదు, కాసేపు కూర్చోండి” అన్న మాట ఏదో ఒక ఆస్పత్రిలో మీరు విన్నదే. కాసేపటికి అది లేస్తే సరే. మళ్ళీ లేవకపోతే, అందులో ఉన్న మీ రక్తం గ్రూపు, మీకు పడని మందు పేరు, పదేళ్ళ క్రితం జరిగిన ఆపరేషను వివరం ఏమవుతాయి? వీటి నకలు తీసి దాచడం కంప్యూటరు అబ్బాయి పని కాదని, రోగి సేవలో భాగమని మా అభిప్రాయం.

మన రెండు జిల్లాల సంగతే చూడండి. పాలమూరు నుండి పనికోసం ముంబయి, పూణె, హైదరాబాదు పోయేవారు తరతరాలుగా ఉన్నారు. పోయేటప్పుడు సంచిలో బట్టలు, బియ్యం ఉంటాయి గాని పాత ఎక్స్‌రే కవరు ఉండదు. రెండేళ్ళకో, మూడేళ్ళకో తిరిగి వచ్చి “నాకు అప్పుడు ఇక్కడే చూసిండ్రు సారూ” అంటారు. ఆ “అప్పుడు” ఎక్కడ ఉంది? ఆస్పత్రి పుస్తకంలోనో, కంప్యూటరులోనో తప్ప ఇంకెక్కడా లేదు. క్షయకు మందులు సగంలో ఆపిన మనిషి మళ్ళీ దగ్గుతో వస్తే, మొదటిసారి ఏ మందులు ఎన్ని నెలలు మింగాడో డాక్టరుకు తెలియాలి. నెగటివ్ గ్రూపు తల్లికి తొలి కాన్పు తరువాత యాంటీ-డి సూది వేశారా లేదా అన్నది రెండవ కాన్పుకు తెలియాలి. పెన్సిలిన్ పడని పిల్లవాడి సంగతి చెప్పనక్కరలేదు. నల్లగొండ జిల్లా ఫ్లోరైడు గ్రామాలలో ఎముకలు వంగిన పెద్దవారికి పాత ఎక్స్‌రేను కొత్త ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తేనే వ్యాధి ఎంత ముదిరిందో అర్థమవుతుంది.

మన ఆస్పత్రులలోకి కంప్యూటరు బలంగా వచ్చినది ఆరోగ్యశ్రీతో. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. అనంతపురం, శ్రీకాకుళం మిగిలిన రెండు. అదే సంవత్సరం రెండవ విడతలో నల్లగొండ కూడా చేరింది. అనుమతులు, ఫోటోలు, రిపోర్టులు అన్నీ కంప్యూటరులో పంపాలి కనుక, కంప్యూటరు లేని ఆస్పత్రి కూడా కొనుక్కోవలసి వచ్చింది. అంతకుముందే, 2002లో వచ్చిన భారత వైద్య మండలి నియమాలు, ఆస్పత్రిలో చేరిన రోగి వివరాలను వైద్యుడు కనీసం 3 సంవత్సరాలు ఉంచాలని, అడిగితే 72 గంటలలోపు ఇవ్వాలని చెప్పాయి. వివరాలను కంప్యూటరులోకి ఎక్కించే ప్రయత్నం చేయాలని కూడా వాటిలోనే ఉంది. ఎక్కించాము, మంచిదే. యంత్రం చెడిపోతే ఏమి చేయాలన్నది మాత్రం చాలాచోట్ల ఎవరి బాధ్యతా కాకుండా మిగిలిపోయింది.

మన ప్రాంతంలో యంత్రం చెడిపోవడానికి కారణాలు వెతకనక్కరలేదు. వేసవిలో గది వేడి, దుమ్ము, వోల్టేజీ ఎక్కువ తక్కువలు, పిడుగులు, బ్యాటరీ అయిపోయిన యూపీఎస్. పాత రకం హార్డ్ డిస్కులో పళ్ళెం తిరుగుతూ ఉంటుంది, దానికి వెంట్రుకవాసి దూరంలో చదివే ముల్లు ఉంటుంది. తిరుగుతుండగా కరెంటు పోయి వచ్చి పోయి వస్తే ఎన్నాళ్ళు ఆగుతుంది? కొత్త రకం డిస్కులలో తిరిగేది ఏదీ లేదు గాని, అవి చెడిపోయేటప్పుడు చప్పుడు కూడా చేయవు. రెండు రకాలూ ఏదో ఒక రోజు పోయేవే.

“మేము బ్యాకప్ తీస్తున్నాము” అని చాలామంది అంటారు. ఏమి తీస్తున్నారని అడిగితే, రోగుల పేర్లున్న ఫోల్డరును వారానికోసారి పెన్ డ్రైవులోకి ఎక్కిస్తున్నామంటారు. అది సగం పని. కంప్యూటరులో సి డ్రైవు అనే భాగం ఉంటుంది. విండోస్ అక్కడే ఉంటుంది. బిల్లు వేసే ప్రోగ్రాము, ల్యాబు రిపోర్టు ప్రోగ్రాము, ప్రింటరు అమరిక, ఒక గది కంప్యూటరును మరో గదితో కలిపే ఏర్పాటు, అన్నీ అక్కడే. పాత ప్రోగ్రాములు కొన్ని రోగుల వివరాలను కూడా సి డ్రైవులో తమ ఫోల్డరులోనే దాచుకుంటాయి. మీరు పెన్ డ్రైవులోకి ఎక్కించే ఫోల్డరులో అవి ఉండనే ఉండవు. తెలుగు అక్షరాల సంగతి ఇంకా ఘోరం. అను ఫాంట్లలో టైపు చేసినది ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలే కనబడతాయి. ఫైలు చేతిలో ఉంటుంది, చదవడానికి రాదు. పెట్టె దాచుకొని తాళంచెవి పోగొట్టుకున్నట్టే. పైగా ఆ ప్రోగ్రాము రాసి ఇచ్చిన మనిషి ఈపాటికి ఏ దేశంలో ఉన్నాడో!

అందుకే సి డ్రైవు మొత్తాన్ని, ఉన్నది ఉన్నట్టుగా, ఒకే ముద్దగా నకలు తీయాలి. దీనిని సిస్టం ఇమేజ్ అంటారు. డిస్కు పోతే కొత్త డిస్కు బిగించి, ఆ ఇమేజ్‌ను అందులోకి దింపితే నిన్నటి కంప్యూటరు అలాగే లేచి కూర్చుంటుంది. లేకపోతే విండోస్ మొదటి నుండి ఎక్కించి, ప్రోగ్రాముల సీడీలు వెతికి, ప్రింటరు కలిపి, పాస్‌వర్డులు గుర్తుచేసుకొని చేయాలి. ఆ రోజులన్నీ ఓపీ ముందు వరుస పెరుగుతూనే ఉంటుంది. క్లోన్‌జిల్లా వంటి ఉచిత ప్రోగ్రాములు కూడా ఈ పని చేస్తాయి. రోగుల వివరాల నకలు రోజూ తీయాలి. సి డ్రైవు నకలు నెలకొకసారి, ఇంకా ఏదైనా కొత్త ప్రోగ్రాము వేసే ముందు, వేసిన తరువాత తీస్తే చాలును.

సి నుండి డి డ్రైవులోకి కాపీ చేసి నిశ్చింతగా ఉండేవారూ ఉన్నారు. చాలా యంత్రాలలో సి, డి రెండూ ఒకే డిస్కు. ఒకే పొలంలో గట్టు వేసి రెండు మళ్ళు చేసినట్టు. చెరువు తెగితే రెండూ మునుగుతాయి. విండోస్‌లోని సిస్టం రిస్టోర్ కూడా అంతే, అదే డిస్కులో ఉంటుంది.

నకలు మాట మన విశ్వాసులకు కొత్తది కాదు. యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయములో ప్రవక్త చెప్పగా బారూకు రాసిన గ్రంథపుచుట్టను రాజైన యెహోయాకీము కోసి కుంపటిలో వేసి కాల్చివేశాడు. ప్రవక్త మళ్ళీ చెప్పాడు, బారూకు మళ్ళీ రాశాడు, మరికొన్ని మాటలు కూడా చేరాయి. అక్కడ చెప్పే నోరు ఉంది, చెప్పించిన దేవుడు ఉన్నాడు. మన కేసు షీట్ల సంగతి అది కాదు. పదిహేనేళ్ళ క్రితపు రక్తపరీక్ష అంకెలను తిరిగి చెప్పగల మనిషి ఎవరూ లేరు.

గుడిలో జరిగే పెండ్లినే చూడండి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పాదిరిగారు పెండ్లి వివరాన్ని రెండుచోట్ల రాస్తారు. రిజిస్టరు పుస్తకం సంఘం దగ్గర ఉంటుంది, సర్టిఫికెట్టు విడదీసి ప్రభుత్వ రిజిస్ట్రారుకు వెళుతుంది. గుడికి చెదలు పట్టినా పెండ్లి నిలుస్తుంది. 150 ఏళ్ళ క్రితం సిరా, కాగితంతో చేసిన ఏర్పాటు ఇది. అందులో గొప్ప సంగతి రెండు ప్రతులు ఉండడం మాత్రమే కాదు, రెండవది వేరే ఊరికి వెళ్ళడం.

ఎందుకు వేరే ఊరంటే, 2009 అక్టోబరు మొదటి వారాన్ని తలచుకుంటే చాలు. తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణం మునిగింది, ఇవతలి ఒడ్డున మన అలంపూరు కూడా నీళ్ళలో ఉంది. అటువంటి రోజున అసలు ఒక బల్లపైన, నకలు అదే బల్ల సొరుగులో ఉంటే ఏమి లాభం? అగ్ని ప్రమాదానికైనా, దొంగతనానికైనా ఇదే మాట.

ఇప్పుడు కొత్త రకం దొంగలు వచ్చారు. తలుపు పగలగొట్టరు, డిస్కులోని ఫైళ్ళకు తాళం వేసి తాళంచెవికి డబ్బు అడుగుతారు. 2017 మేలో వాన్నాక్రై అనే ఇటువంటి వైరస్ ప్రపంచమంతా తిరిగి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లలోకి కూడా వచ్చింది. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కరెంటు పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద ఇటువంటి దాడే జరిగింది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ వంతు వచ్చింది. దేశంలోని పెద్ద ఆస్పత్రులలో ఒకటైన అది సుమారు రెండు వారాలపాటు చీటీలు, రిపోర్టులు చేత్తో రాసుకుంది. అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడిందని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. చివరికి ఈ-హాస్పిటల్ వివరాలు దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు నుండే తిరిగి వచ్చాయి. “తగలని” అన్న మాట గమనించండి. ఎప్పుడూ కంప్యూటరుకు తగిలించి ఉంచే నకలు డిస్కుకు కూడా ఆ తాళం పడుతుంది. అందుకే రెండు డిస్కులు కావాలి. ఒకటి వాడుతుండగా రెండవది తీగ విడదీసి వేరేచోట ఉండాలి.

ఖర్చు అంటారా? కొన్ని వేల రూపాయలకు వచ్చే డిస్కులు రెండు. ఇంటర్నెట్టులో దాచవచ్చును కదా అంటే, దాచవచ్చును, కాని లైను సరిగా లేని ఊళ్ళలో సి డ్రైవంత ముద్ద ఎక్కడానికి ఎన్ని రోజులు పడుతుందో చూసుకొని మాట్లాడాలి. వీటికంటే మమ్మల్ని ఆలోచింపజేసే అభ్యంతరం ఒకటి ఉంది. నకలు ఎన్ని పెరిగితే గుట్టు బయటపడే దారులు అన్ని పెరుగుతాయి. చిన్న ఊరిలో ఒకరి హెచ్‌ఐవి రిపోర్టు బయటికి పొక్కితే ఆ కుటుంబం తల ఎత్తుకోలేదు. 2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం కూడా అటువంటి వివరాలను భద్రంగా ఉంచాలని చెబుతోంది. కనుక నకలు డిస్కును ఎవరో జేబులో వేసుకొని ఇంటికి తీసుకుపోవడం మాకు సమ్మతం కాదు. పాస్‌వర్డుతో తాళం వేసిన డిస్కు, బీరువాలో, ఎవరు తీశారో ఎవరు పెట్టారో పుస్తకంలో సంతకంతో ఉండాలి. ఆ పాస్‌వర్డు ఒక్కరి తలలోనే ఉండకూడదు. సీలువేసిన కవరులో పెద్దల దగ్గర ఇంకొకటి ఉండాలి.

నకలును పరీక్షించడం అన్నిటికంటే ముఖ్యం, అందరూ వదిలేసేది కూడా అదే. ఆరు నెలలకొకసారి మూలనున్న పాత కంప్యూటరులోకి ఇమేజ్‌ను దింపి, ఒక పాత రోగి పేరు కొట్టి చూడాలి. పేరు వచ్చిందా, తెలుగు చదవడానికి వస్తోందా, బిల్లు ప్రింటవుతోందా? ఈ పరీక్ష ఒక పూట పని. ఆస్పత్రి కమిటీలో పెద్దలు జనరేటరులో డీజిలు ఎంత ఉందని అడిగినట్టే, చివరిసారి నకలును దింపి చూసినది ఏ తారీఖున అని అడగాలని మా కోరిక. సంఘ కార్యాలయాలలో బాప్తిస్మపు రిజిస్టర్లు కంప్యూటరులోకి ఎక్కించిన చోట కూడా ఇదే ప్రశ్న వేయవచ్చును.

ఇక మీ ఇంటి వంతు. ఓపీ చీటీలు, రిపోర్టులు, డిశ్చార్జి కాగితం ఒక ప్లాస్టిక్ కవరులో తారీఖుల వరుసన పెట్టండి. ల్యాబు కాగితం కొన్నిటిపైన అక్షరాలు వేడికి మాసిపోతాయి, కనుక జిరాక్సు తీయించండి. ఫోనులో ఫోటో తీసి, ఊరిలో లేని కొడుకుకో కూతురికో పంపండి; ఫోను పోయినా వారి దగ్గర ఉంటుంది. పని కోసం దూరం పోయేవారు పడని మందు పేరు, రక్తం గ్రూపు, వాడుతున్న మాత్రల పేర్లు ఒక చిన్న కార్డుపై రాయించుకొని ఆధార్ కార్డు వెనుక పెట్టుకోండి. చదవడం రానివారు ఓపీ కిటికీ దగ్గర అడిగితే సిస్టరమ్మగారు రాసి ఇస్తారు.