మోరీ నీటికీ లెక్క ఉండాలి

మిషన్ భగీరథ లెక్కన పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల నల్లా నీళ్లు అందాలి. గిన్నెలు తోమి, బట్టలు ఉతికాక అందులో చాలా భాగం మళ్లీ వాకిట్లోకే వస్తుంది. ఆ నీరు ఎటు పోవాలన్నదే గాంధారి మండలం పల్లెల ముందున్న ప్రశ్న.

2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశ, 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి మురుగునీటి పనులకు తలకు 280 రూపాయల దాకా కేటాయించింది. రెండు వేల మంది ఉన్న ఊరికి 5.6 లక్షలు. ఊరంతా సీసీ మోరీలు కట్టడానికి ఇది ఏ మూలకూ చాలదు. అందుకే ఇంటి పక్కనే ఇంకుడు గుంత మేలు: అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, ఆపైన ఇసుక. నల్లరేగడిలో మాత్రం నీరు తొందరగా ఇంకదు. అక్కడ ఊరి చివర శుద్ధి గుంటలే దారి.

ఈ మురుగునీటి పనుల సొమ్ములో 30 శాతం 15వ ఆర్థిక సంఘం గ్రాంటు నుంచి రావాలని ఆ పథకం నిర్దేశించింది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆ గ్రాంటు ఆగిపోతుంది. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లోనే ముగిసింది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. ఆ మధ్యకాలంలో చెత్త ట్రాక్టరు డీజిలుకు కూడా పంచాయతీలు తడుముకున్నాయి. ఈ కొరత ఊళ్ల తప్పు కాదు.

కొత్త సర్పంచులు ఏ వీధి నీరు ఎక్కడ నిలుస్తోందో పటం గీయించి, గ్రామసభ ముందు పెట్టాలి.