పాట వెనుకనున్న పైకము

ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియోలకై 234 క్రొత్త పట్టణములలో 730 ఛానళ్లను వేలము వేయుటకు కేంద్ర మంత్రివర్గము 2024 ఆగస్టులో సమ్మతించినది. ఆ పట్టికలో మహబూబ్‌నగరము గలదు, తుంగభద్ర కావల కర్నూలు గలదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు లేవు. అయినను ఆ రెండు చోట్ల స్టేషన్లు వెలసిననాడు వాని చూపు మన యంగళ్లపై, మన యిండ్లపై పడక మానదు. హైదరాబాదువారు 2006 నుండి ఇట్టి స్టేషన్లను వినుచున్నారు. వారి యనుభవమును బట్టి మన సోదరీమణులు ముందుగా యోచించుకొనవలసిన దొకటి కలదు.

రేడియో స్త్రీలకు మంచి నేస్తము. మగ్గముపై గద్వాల చీరకు పట్టంచు నేయుచున్న యామెకు చేతులు తీరవు, కన్నులు తీరవు. చెవి యొక్కటే తీరును. పత్రికలో ప్రకటనకు చుట్టును గీత యుండును. రేడియోలో ఆ గీత యేది? "అక్కా, ఈ పూట ఏమి వండితిరి?" అని పలుకరించిన గొంతే, ఊపిరి తిప్పుకొనక, ఫలాని నూనె వాడుమనును, ఫలాని వెంచరులో స్థలము కొనుమనును. ఇక హాస్యమని యొకటి బయలుదేరినది. ఎవరో యొక యిల్లాలికి ఫోను చేసి, లేని బాకీ యడిగి, ఆమె బెదరి మాటలాడుచుండగా ఊరివారిని నవ్వించుట! మాకు నవ్వు రాలేదు.

పాటల సంగతి యింతకంటె సూక్ష్మమైనది. ఒకే పాట దినమున కెన్నియో సారులు వినబడినచో అది జనులు మెచ్చిన పాట యని తలంతుము. మెచ్చినందున వేసిరా, వేసినందున మెచ్చితిమా? అమెరికాలో 1959లో ఈ గుట్టు బయటపడినది. రేడియోలో రికార్డులు వేయువారికి రికార్డు కంపెనీలు చాటుగా పైకము ముట్టజెప్పుచుండెనని తేలి, 1960లో చట్టమును బిగించిరి. అయినను 2005లో న్యూయార్కు రాష్ట్ర విచారణ ఫలితముగా సోనీ బి.ఎం.జి. కంపెనీ కోటి డాలర్లు చెల్లించుకొనవలసివచ్చినది. విశేష మేమనగా, ఆ చట్టము పైకము పుచ్చుకొనవలదనలేదు. పుచ్చుకొన్నచో ఆ మాట శ్రోతలకు చెప్పుమన్నది.

ఈ మర్మము మన సంస్థానములకు తెలియనిది కాదు. గద్వాలకు విద్వద్గద్వాల యను పేరు వచ్చినది పండితులను, కవులను సత్కరించుటచేతనే. కవి ప్రభువు నెందుకు పొగడుచున్నాడో సభలోని పసివానికిని తెలియును. సత్కార మందరి యెదుటనే జరుగును. ఆ పొగడ్తలో కొంత వెగటు కలదు గాని మోసము లేదు.

నాగర్‌కర్నూలు జిల్లా దర్శనం మొగులయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథ పాడువారు. 2021లో భీమ్లా నాయక్ చిత్రపు పాటలో వారి గొంతు వినబడినది. 2022లో పద్మశ్రీ వచ్చినది. ఆ సినిమా పాట రేడియోకు సరిపోవును. సాయన్న కథకు తీరిక కావలెను. ఆ తీరిక కెవరును పైకము కట్టరు.

అట్లని సినిమా పాటలను మాన్పింపుడనుట మా యుద్దేశము కాదు. మాకును అవి యిష్టమే. 1952లో మంత్రియైన కేస్కరుగారు ఆకాశవాణిలో వానిని అణచి చూచిరి. శ్రోతలు రేడియో సిలోనును పట్టుకొనిరి. తుదకు 1957 అక్టోబరు 3న వివిధభారతిని పెట్టవలసివచ్చినది. మరియొక దారియు మన తెలంగాణముననే కలదు. జహీరాబాదు దగ్గరి మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోను దళిత స్త్రీలే నడపిరి; విత్తనముల ముచ్చట్లు, పంటల ముచ్చట్లు, ఊరి పాటలు వారి గొంతులనే పలికినవి.

ఆకాశ తరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినది. ఆ సొత్తును వేలమున పాడుకొన్నవారు, పైకము పుచ్చుకొని వేయు ప్రతి పాటకు ముందు ఆ సంగతి తెలుగున చెప్పవలెననియు, అనుమతి లేక యే యింటి గొంతును వినిపింపరాదనియు నియమము పెట్టుడని మనము జాబు వ్రాయవచ్చును. సమాచార ప్రసార మంత్రిత్వశాఖ, క్రొత్త ఢిల్లీ యని వ్రాసిన చాలును. పోస్టుకార్డులో రెండు వాక్యములు పట్టును.